పది సెకన్ల గడువులో: క్విజ్ వీడియోలను తీరిగ్గా చూస్తూ లోకజ్ఞానం పెంచుకునే పద్ధతి

రాత్రి భోజనాలు ముగిసి, వంటగది సర్దుకుని, నిద్రకు ఇంకా అరగంట వ్యవధి ఉన్న వేళ చాలా ఇళ్లలో ఈమధ్య ఒకే రకమైన శబ్దం వినిపిస్తోంది. వెనక మెల్లగా వేణువో పియానోనో, తెర మీద ఒక ప్రశ్న, దాని కింద నాలుగు ఆప్షన్లు, మూలన తిరిగే టైమర్, పది సెకన్లు గడవగానే పచ్చరంగులో వెలిగే జవాబు. యూట్యూబ్‌లో ఇలాంటి జనరల్ నాలెడ్జ్ వీడియోలకు కొదవ లేదు. తెలుగులోనూ ఉన్నాయి, ఇంగ్లీషులో మరీ ఎక్కువగా ఉన్నాయి. సీరియళ్లలోని కుట్రలకూ, చర్చా కార్యక్రమాల్లోని అరుపులకూ విసిగిపోయినవారికి ఇవి నిజంగానే మంచి ఆటవిడుపు. ఇబ్బంది ఒక్కటే. నెల రోజులపాటు రోజూ చూసినవారిని కూడా నిన్నటి వీడియోలో ఏం తెలుసుకున్నారని అడిగితే ఒకటి రెండు జవాబులకు మించి గుర్తుకు రావు.

ఇందులో చూసేవారి జ్ఞాపకశక్తి లోపమేమీ లేదు. జవాబు తెర మీద వెలిగినప్పుడు "అవును, ఇది నాకు తెలుసు" అనిపించడం వేరు, ఎవరూ అందించకుండా మనంతట మనం చెప్పగలగడం వేరు. వీడియో మొదటిదాన్ని ధారాళంగా ఇస్తుంది. రెండోదాన్ని మనం రాబట్టుకోవాలి. దానికి పెద్ద శ్రమ అక్కర్లేదు, హాయి చెడగొట్టుకోవలసిన పని అంతకన్నా లేదు. ప్రశ్నకూ జవాబుకూ మధ్యనున్న ఆ పది సెకన్లను ఊరికే పోనివ్వకపోతే చాలు. ఇక్కడ చెప్పబోయే మెలకువలన్నీ ఆ పది సెకన్ల చుట్టూ తిరిగేవే.

వీడియోను ఎంచుకోవడం

ముందుగా గమనించవలసింది వేగం. పది నిమిషాల్లో వంద బిట్లు వదిలే వీడియోలు పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారిని ఉద్దేశించినవి. అప్పటికే పుస్తకంలో చదివినదాన్ని పరీక్షకు ముందు గబగబా తిరగేసుకోవడానికి అవి ఉపయోగపడతాయి గానీ, కొత్త విషయం తెలుసుకోవడానికీ, మనసు తేలికపరచుకోవడానికీ ఉపయోగపడవు; ఆరు సెకన్లకొక ప్రశ్న మీద పడుతుంటే దడ పెరుగుతుందే తప్ప తగ్గదు. పావుగంటకు ఇరవై ప్రశ్నలకు మించని వీడియోను వెతుక్కోండి. అప్పుడు ఒక్కో ప్రశ్నకు ముప్పావు నిమిషం దొరుకుతుంది. ఆలోచించడానికీ, జవాబు వినడానికీ, దాని గురించి పక్కవారితో ఒక మాట అనుకోవడానికీ అది సరిపోతుంది.

ఆ తరువాత చూడవలసింది, జవాబు చెప్పి ఊరుకుంటున్నారా, దాని వెనకున్న కారణం ఒక్క వాక్యంలోనైనా చెబుతున్నారా అన్నది. "ఆక్టోపస్‌కు ఎన్ని గుండెలు?" అనే ప్రశ్న ఇలాంటి వీడియోల్లో తరచూ కనిపిస్తుంది. మూడు అని చెప్పి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోతే ఆ మూడు మన తలలో రేపటికి రెండో నాలుగో అయిపోతుంది. రెండు గుండెలు మొప్పలకు రక్తాన్ని పంపితే, మూడోది మిగతా శరీరానికి పంపుతుంది అని కలిపి చెప్పినప్పుడు ఆ అంకె నిలబడుతుంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థంలో ఇనుము ఉన్నట్టే దాని రక్తంలో రాగి ఉంటుందనీ, అందుకే ఆ రక్తం నీలంగా ఉంటుందనీ ఇంకో మాట చేరిస్తే ఇక మరచిపోవడమే కష్టం. మొదటి ఐదు ప్రశ్నలు చూస్తే చాలు, వీడియో తయారుచేసినవారు ఏ రకమో తెలిసిపోతుంది.

ప్రశ్నల స్థాయి విషయంలో చాలామంది రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. ఇరవైకి పద్దెనిమిది చెప్పగలిగే వీడియోలనే వరసగా చూడడం ఒకటి. అందులో దొరికేది మెచ్చుకోలు మాత్రమే. అన్నీ కొత్తవే అయిన వీడియో ముందు కూర్చుని అరగంటకే అలసిపోవడం రెండోది. సగం తెలిసి, సగం తెలియకుండా ఉండే వీడియో ఇద్దరికీ మేలు. తెలిసిన సగం ఉత్సాహాన్నిస్తుంది, తెలియని సగం వెంట తీసుకువెళ్లడానికి పనికివస్తుంది. "ఇది తెలిస్తే మీరు మేధావి", "వింటే వణికిపోతారు" అన్న ధోరణిలో శీర్షికలు పెట్టేవాటిని నేను తెరిచి చూడను. వణకడానికి రాత్రి పదిన్నర సరైన సమయం కాదు.

భాష మాటకొస్తే, జంతువులు, గ్రహాలు, దేశాల రాజధానుల వంటి అంశాలకు ఇంగ్లీషు వీడియోల్లో వైవిధ్యం ఎక్కువ. మన నదులు, మన రాజవంశాలు, మన పండుగలకు తెలుగు వీడియోలే నయం. అయితే యంత్రస్వరంతో చదివించిన తెలుగు వీడియోలు ఈమధ్య బాగా పెరిగాయి; వాటిలో ఊళ్ల పేర్లూ వ్యక్తుల పేర్లూ వినరానంతగా విరిగిపోతుంటాయి. పిల్లలతో కలిసి చూసేటప్పుడు అలాంటివి మానుకోవడం మంచిది, ఎందుకంటే ఒకసారి చెవిలో పడ్డ తప్పు ఉచ్చారణను దిద్దడం జవాబు దిద్దడంకన్నా కష్టం.

పది సెకన్లలో చేయవలసింది

ప్రశ్న తెర మీదకు రాగానే కళ్లు వాటంతటవే ఆప్షన్ల మీదకు పరుగెడతాయి. అక్కడే ఆట పాడవుతుంది. నాలుగు పేర్లలోంచి ఒకదాన్ని గుర్తుపట్టడం తేలిక. ఆ పేరును ఖాళీ మనసులోంచి పైకి తీయడమే అసలు పని. కాబట్టి ప్రశ్న విన్న వెంటనే కళ్లు మూసుకోండి, లేదా ఫోను చేతిలో ఉంటే తెర కింది సగాన్ని అరచేత్తో కప్పండి. నోటితో, పక్కవారికి వినిపించేలా ఒక జవాబు చెప్పండి. మనసులో అనుకున్న జవాబును టైమర్ ఆగాక మనకు తెలియకుండానే మార్చేసుకుంటాం. పైకి చెప్పినదాన్ని మార్చలేం. ఆ తరువాతే ఆప్షన్లు చూడండి. పది సెకన్లు చాలకపోతే పాజ్ నొక్కడంలో నామోషీ ఏమీ లేదు. మాటలు మరీ వేగంగా ఉంటే ప్లేబ్యాక్ వేగాన్ని 0.75కు తగ్గించుకోవచ్చు, సంగీతం కాస్త సాగినట్టు వినిపిస్తుంది గానీ ఆలోచనకు చోటు దొరుకుతుంది.

బొత్తిగా తెలియని ప్రశ్నకు కూడా ఏదో ఒకటి చెప్పాలా అన్న సందేహం వస్తుంది. చెప్పాలి. తప్పు చెబితే ఆ తప్పే బుర్రలో పాతుకుపోతుందన్న భయం మనకు బడిరోజుల్లోనే పట్టుకుంది. 2009లో కార్నెల్, హేస్, బ్యోర్క్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఇందుకు భిన్నం: ముందు ఊహించి, తప్పు చెప్పి, వెంటనే సరైన జవాబు తెలుసుకున్నవారు, ఊహించకుండా నేరుగా జవాబు చదివినవారికన్నా బాగా గుర్తుపెట్టుకున్నారు. ఇక్కడ "వెంటనే" అన్న మాట ముఖ్యం. పది సెకన్ల తరువాత జవాబు చెప్పే వీడియో ఈ షరతును దానంతటదే నెరవేరుస్తుంది.

గుర్తుకు తెచ్చుకోవడం అనే చిన్న ప్రయత్నానికి ఉన్న బలం గురించి ఇంతకుముందే, 2006లో, రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తరువాత పెడితే తారుమారైంది. ఒకే వీడియోను రెండుసార్లు చూసి "ఇప్పుడు అన్నీ వచ్చేశాయి" అనుకునేవారు ఆ ఐదు నిమిషాల దగ్గర ఆగిపోయినవారు.

నిజానికి ఆ పది సెకన్ల నిరీక్షణకే ఒక గుణముంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జరిగి, 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలనే వాడారు. జవాబు తెలుసుకోవాలన్న కుతూహలం ఎక్కువగా ఉన్న ప్రశ్నల జవాబులు బాగా గుర్తుండడం వింత కాదు. ఆ జవాబు కోసం ఎదురుచూస్తున్న సమయంలో ప్రశ్నతో ఏ సంబంధమూ లేని ముఖాలను చూపిస్తే, ఆ ముఖాలు కూడా ఎక్కువగా గుర్తుండడం విశేషం. అంటే ఆత్రంగా ఎదురుచూసే మనసు ఎదుట ఏముంటే దాన్ని పట్టుకుంటుంది. టైమర్‌ను దాటవేసి జవాబుకు దూకేవారు, తినబోయే ముందు ఆకలిని చంపుకున్నట్టే.

ఇక ఊహించడం అంటే గుడ్డిగా రాయి విసరడం కాదు. తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాని వైపు నడవడం. ఉదాహరణకు, "గోదావరి జన్మస్థలం ఏ రాష్ట్రంలో ఉంది?" అని అడిగారనుకుందాం. భద్రాచలం, రాజమహేంద్రవరం మనకు తెలుసు. బాసర దగ్గర ఆ నది తెలంగాణలోకి అడుగుపెడుతుందని కూడా చాలామందికి తెలుసు. బాసరకు అవతల ఏముంది? మహారాష్ట్ర. అంతవరకు వస్తే జవాబు సగం దొరికినట్టే. నాసిక్ జిల్లాలోని త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టిన గోదావరికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. అయినా అది ఆ వైపు చూడకుండా 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎందుకు? దక్కన్ పీఠభూమి పడమటి అంచు ఎత్తుగా ఉండి, తూర్పుకు వాలి ఉంటుంది కాబట్టి. ఈ ఒక్క "ఎందుకు" తెలిస్తే మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణా, కొడగులోని తలకావేరిలో పుట్టిన కావేరీ తూర్పుకే ఎందుకు వెళతాయో వేరే చెప్పనక్కర్లేదు. మరి నర్మద, తపతి పడమటికి వెళతాయి కదా అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు; భూమి పొరలు కుంగి ఏర్పడిన లోయల్లో అవి పారుతున్నాయి గనుక వాటి దారి వేరు. చూశారు కదా, వీడియో అడిగింది ఒక రాష్ట్రం పేరు. మనం తీసుకున్నది ఐదు నదుల నడక. ఇలాంటి ప్రశ్న తగిలినప్పుడు వీడియోను ఆపేసి, గోడకున్న భారతదేశ పటం దగ్గరకు వెళ్లి వేలు పెట్టి చూడండి. మిగతా పందొమ్మిది ప్రశ్నలు ఆ రాత్రికి చూడకపోయినా నష్టమేమీ లేదు.

తప్పు జవాబులు

ఈ వీడియోలను ఇష్టపడేవాడినైనా, వీటిలో తప్పులు చాలా ఉంటాయన్నది దాచలేను. "మన జాతీయ క్రీడ ఏది?" అన్న ప్రశ్నకు హాకీ అని చెప్పని వీడియో అరుదు. మనమూ చిన్నప్పుడు అదే చదివాం. 2012లో ఒక పాఠశాల విద్యార్థిని సమాచార హక్కు చట్టం కింద అడిగినప్పుడు, ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. "జాతీయ భాష ఏది?" అన్నదీ అలాంటిదే. రాజ్యాంగం 343వ అధికరణం దేవనాగరి లిపిలోని హిందీని కేంద్రానికి అధికార భాషగా పేర్కొంది. జాతీయ భాష అనే హోదా ఏ భాషకూ ఇవ్వలేదు. ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి, వాటిలో తెలుగు ఒకటి. చంద్రుడి మీదినుంచి చైనా గోడ కనిపిస్తుందన్నది మూడో చిరంజీవి. కొన్ని మీటర్ల వెడల్పున్న గోడ 3,84,000 కిలోమీటర్ల దూరం నుంచి ఎలా కనిపిస్తుందని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవెయ్, భూమికి దగ్గరి కక్ష్యలో తిరిగివచ్చాక కూడా, తనకు ఆ గోడ కనబడలేదనే చెప్పాడు.

ఇవి ఎప్పుడూ నిజం కాని జవాబులు. ఒకప్పుడు నిజమై, ఇప్పుడు కాకుండా పోయినవి ఇంకో రకం. వీటితోనే ఎక్కువ జాగ్రత్త అవసరం, ఎందుకంటే వీడియో తయారుచేసినవారి తప్పు ఇందులో ఉండదు. కాలం ముందుకు వెళ్లింది, వీడియో అక్కడే ఉండిపోయింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు దేశంలో 29 రాష్ట్రాలు. 2019 అక్టోబరు 31న జమ్మూకశ్మీర్ రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మారినప్పుడు 28. తెలంగాణ జిల్లాలు 10 నుంచి 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26 అయ్యాయి. ఆకాశంలోనూ ఇదే కథ. ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహం ఏది అన్న ప్రశ్నకు 2023 ఫిబ్రవరిలో గురుడు, అదే ఏడాది మే నెలలో శని. 2025 మార్చిలో మరో 128 చేరి శని ఉపగ్రహాలు 274కు చేరాయి. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లని మనం బట్టీపట్టాం. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన కొలత 8,848.86 మీటర్లు. అందువల్ల "ఎన్ని", "అతిపెద్ద", "అత్యధిక", "ప్రస్తుత" అన్న మాటలు ప్రశ్నలో వినిపించిన ప్రతిసారీ వీడియో ఎప్పుడు పెట్టారో చూసుకోవడం అలవాటు చేసుకోండి. తేదీ వీడియో పేరు కిందనే ఉంటుంది.

మూడో రకం నాకు అన్నింటికన్నా ఇష్టమైనది: జవాబు తప్పు కాదు, అలాగని పూర్తిగా ఒప్పూ కాదు. ప్రపంచంలో అతి పొడవైన నది నైలు అని అందరూ చెబుతారు. 2007లో బ్రెజిల్ పరిశోధకులు అమెజానే పొడవైనదని వాదించారు. నది ఎక్కడ మొదలైనట్టు, సముద్రంలో ఎక్కడ ముగిసినట్టు లెక్కించాలన్న దానిపై జవాబు మారుతుంది. మన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1931లో విడుదలైందని దశాబ్దాలపాటు అందరూ రాశారు. సెన్సారు తేదీ, నాటి పత్రికల ప్రకటనలు వెతికి తీశాక అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని పరిశోధనలో తేలింది. గోల్కొండ వజ్రాల సంగతి మరీ తమాషా. ఒక పెళ్లింట గోల్కొండ కొండల్లోనే గనులుండేవని నేను గట్టిగా వాదిస్తుంటే, పల్నాటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఓపికగా విని, "బాబూ, అక్కడుండేది అంగడి; తవ్వింది మా కృష్ణ ఒడ్డున" అని తేల్చేశారు. ఆయన మాటే నిజం. కొల్లూరు, పరిటాల వంటి కృష్ణాతీర గనుల్లో దొరికిన రాళ్లు గోల్కొండ సంతలో చేతులు మారేవి. పదిహేడో శతాబ్దంలో కొల్లూరుకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. వీడియో "గోల్కొండ గనులు" అన్నప్పుడల్లా నాకు ఆ పెద్దాయన గుర్తుకొస్తారు. ఆ సంగతి ఇక జీవితంలో మరచిపోయే అవకాశం లేదు.

ఇవన్నీ చెప్పడం అనుమానం పెంచడానికి కాదు. ప్రతి జవాబునూ సరిచూడాలంటే విశ్రాంతి మాట అటుంచి నిద్రే పట్టదు. ఆ రాత్రి మనసుకు పట్టిన ఒక్క జవాబును మర్నాడు పగటిపూట సరిచూస్తే చాలు. ఆ విషయానికి బాధ్యులైనవారి మాటను చూడండి: జిల్లాలైతే రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటు, రాజ్యాంగమైతే ఆ అధికరణం పాఠం, గ్రహాలైతే నాసా పేజీ. వీడియో కింది వ్యాఖ్యలను నమ్మకండి. అయితే ఒకే ప్రశ్న దగ్గర పదిమంది గొడవ పడుతున్నారంటే ఆ జవాబులో ఏదో మెలిక ఉందని మాత్రం గ్రహించవచ్చు.

మర్నాటి పని

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తనకు తానే బట్టీపట్టి, గంటలు రోజులు గడిచేకొద్దీ ఎంత మరచిపోతున్నాడో కొలిచి, 1885లో పుస్తకంగా వేశాడు. మరుపు మొదటి గంటల్లో నిటారుగా దిగి, ఆ తరువాత నెమ్మదిస్తుందని ఆయన చూపించాడు. కాబట్టి ఒక జవాబును నిలుపుకోవాలంటే దాన్ని మర్నాడే ఒకసారి కదిలించాలి. ఇందుకు చిన్న జేబు పుస్తకం ఒకటి పెట్టుకోండి. వీడియో అయిపోయాక అందులో ఒక్క ప్రశ్న మాత్రమే రాయండి. మరీ ఆశ ఎక్కువైతే రెండు. ఇరవై రాసిన పుస్తకాన్ని ఎవరూ తిరిగి తెరవరు, నేనూ తెరవలేదు. ప్రశ్నను ఒక పేజీలో, జవాబును దాని వెనక రాయాలి. మర్నాడు బస్సులోనో, పాలు పొంగే వరకు పొయ్యి దగ్గరో ఆ ప్రశ్న చదివి, వెనక్కి తిప్పకుండా జవాబు చెప్పడానికి ప్రయత్నించండి. మూడు రోజుల తరువాత మరోసారి, వారం పది రోజులకు ఇంకోసారి. మూడుసార్లు తడుముకోకుండా వస్తే ఆ పేజీకి ఒక గీత గీసేయవచ్చు.

ప్రశ్నను ఎలా రాస్తారన్నదీ ముఖ్యమే. "భారత ప్రతిజ్ఞ రచయిత ఎవరు?" అని రాస్తే జవాబు ఒక పేరు: పైడిమర్రి వెంకట సుబ్బారావు. "బడిలో రోజూ చెప్పే 'భారతదేశం నా మాతృభూమి' మొదట ఏ భాషలో, ఏ ఊళ్లో పుట్టింది?" అని రాస్తే జవాబులో కథ ఉంటుంది. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన ఆయన విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ 1962లో దాన్ని తెలుగులో రాశారు. ఆ తరువాతే అది దేశంలోని ఇతర భాషల్లోకి వెళ్లింది. రెండో పద్ధతిలో రాసిన ప్రశ్నకు పేరు ఒకవేళ జారిపోయినా మిగతాది చేతిలో ఉంటుంది, దాని తోక పట్టుకుని పేరునూ లాగవచ్చు.

హాయి చెడకుండా

ఆటోప్లే ఆపేయండి. ఇరవై ప్రశ్నలు అయ్యాయో లేదో, అడగకుండానే మరో వీడియో మొదలై గంట గడిచిపోవడానికి మూలం అదే. కాసేపయ్యాక విరామం తీసుకోమని, నిద్రవేళ అయిందని గుర్తుచేసే ఏర్పాట్లు యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ఉన్నాయి, వాటిని వాడుకోండి. తెర వెలుతురు బాగా తగ్గించండి. మధ్యలో వచ్చే ప్రకటనలు గొంతు పెంచుకుని వస్తాయి గనుక శబ్దాన్ని ముందే ఒక మెట్టు తగ్గించి పెట్టుకోవడం మంచిది. ప్రశ్నను చదివి వినిపించే వీడియో అయితే ఫోనును బోర్లా పెట్టి వినడం ఇంకా హాయి. ఆప్షన్లు కనబడవు కాబట్టి అరచేత్తో కప్పే పనీ ఉండదు. మార్కులు మాత్రం లెక్కపెట్టకండి. "పదిహేను దాటితే మీరు తెలివైనవారు" అని వీడియో చివర్లో వచ్చే తీర్పును వినకుండా కట్టేసేవారిని నేను నిజంగా తెలివైనవారంటాను. కరెంట్ అఫైర్స్ పగటికి వదిలేయండి. యుద్ధాలు, రాజీనామాలు, ధరలు నిద్రపుచ్చవు.

ఇంటిల్లిపాదితో

ఒంటరిగా చూడడంకన్నా ఇద్దరు ముగ్గురు కలిసి చూడడం అన్ని విధాలా మేలు. పైకి జవాబు చెప్పాలన్న నియమం దానంతటదే అమలవుతుంది. అయితే చిన్న పిల్లలున్న ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోవాలి: పెద్దలు చివరి మూడు సెకన్ల దాకా నోరు విప్పకూడదు. తండ్రి మొదటి సెకనులోనే జవాబు చెప్పేస్తే పిల్లవాడు ఆలోచించడం మానేసి తండ్రి మొహం చూడడం నేర్చుకుంటాడు. విదేశాల్లో ఉన్న మనవలతో వీడియో కాల్‌లో తెర పంచుకుని ఆడే తాతయ్యలు, అమ్మమ్మలు కూడా ఉన్నారు. అక్కడ వారికి ఉదయం, ఇక్కడ వీరికి రాత్రి. వారానికోసారి పది ప్రశ్నలు సరిపోతాయి. దేశాల జెండాలు మనవలు చెబుతారు, చెట్ల పేర్లు పెద్దలు చెబుతారు.

ప్రశ్నలన్నీ వీడియోయే అడగాలన్న నియమం లేదు. ఐదో ప్రశ్నకో పదో ప్రశ్నకో ఆపి, ఇంట్లో ఒకరు ఒక ప్రశ్న వేయవచ్చు. మా ఇంట్లో ఈ పద్ధతి మా అమ్మ వల్ల మొదలైంది. ఐదో తరగతితో చదువు ఆపేసిన ఆమె, రాజధానుల ప్రశ్నలకు చేతులు ముడుచుకుని కూర్చునేది. ఒక రాత్రి మధ్యలో ఆపమని చెప్పి, "ఏడాదికి కార్తెలెన్ని?" అని అడిగింది. ఇంజినీరింగ్ చదివే మనవడు పన్నెండన్నాడు. "ఇరవై ఏడు. నక్షత్రాలెన్నో అన్ని" అంది అమ్మ. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయన్న సామెత వాడికి తెలుసు గానీ, రోహిణి నక్షత్రంలో సూర్యుడుండే రోజులకే ఆ పేరని అప్పటిదాకా తెలియదు. వాడు ఫోనులో లెక్క వేసి, 365ను 27తో భాగిస్తే పదమూడున్నర రోజులు వస్తోందని ఆశ్చర్యపోయాడు. "పదమూడో పద్నాలుగో ఉంటాయి, అది మాకు లెక్క లేకుండానే తెలుసు. రోహిణి పోయాక వచ్చేదేంటి చెప్పు?" అంది. వాడు తల గోక్కున్నాడు. టైమర్ లేదు కాబట్టి ఆమె తొందరపెట్టలేదు. చాలాసేపటికి, జూన్ మొదట్లో చేపల కోసం బజారులో జనం విరగబడే రోజు గుర్తుకొచ్చి, "మృగశిరా?" అని అనుమానంగా అడిగాడు. అమ్మ తలూపి, మరి ఇవాళ ఏ కార్తెలో ఉన్నామో చూసి చెప్పమంది. వాడు లేచి వంటగది గోడకున్న క్యాలెండర్ తీసుకురావడానికి వెళ్లాడు. వీడియో ఆ రాత్రి పదకొండో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.